దెబ్బ ఎక్కడ, ఎంత? టైల్సు, కాంక్రీటు పగలగొట్టే పనిముట్లు

కాంక్రీటు బరువును మోస్తుంది, లాగుడును తట్టుకోలేదు. ఇళ్ల స్లాబులకు వాడే ఎం20 కాంక్రీటు పోసిన 28 రోజులకు చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్ల ఒత్తిడిని, అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 200 కిలోల బరువును భరించాలి. అదే కాంక్రీటును రెండు వైపులా పట్టి లాగితే దాదాపు పదో వంతు బలానికే తెగిపోతుంది. టైలు, బండ, ఇటుక కూడా ఈ జాతివే. ఉలి నుంచి పెద్ద బ్రేకర్ దాకా పగలగొట్టే పనిముట్లన్నీ ఈ బలహీనత మీదే దెబ్బ తీస్తాయి. పైకి ఉలి కాంక్రీటును కిందికి నొక్కుతున్నట్టే కనిపిస్తుంది. లోపలికి దిగిన మొన మాత్రం చీలలా పక్కలకు నెడుతుంది, ఆ నెట్టుడు వల్ల కలిగే లాగుడులో బీట పుడుతుంది.

పుట్టిన బీట ఏదో ఒక వైపు బయటికి తేలాలి. గచ్చు నడిమధ్యన ఉలి పెట్టి కొడితే చుట్టూ ఉన్న కాంక్రీటు దాన్ని నాలుగు వైపులా బిగించి పట్టుకుంటుంది. పొడి రాలుతుంది, ఉలి ఇరుక్కుంటుంది, ముక్క మాత్రం ఊడదు. అంచుకు మూడు నాలుగు అంగుళాల దూరంలో అదే దెబ్బ వేస్తే ముక్క ముక్కగా రాలిపోతుంది. అనుభవమున్న మేస్త్రీ ముందుగా ఒక మూలనో గుమ్మం దగ్గరో గచ్చు అడుగు దాకా గుంత తెరిచి, అక్కడి నుంచి అంచును కొంచెం కొంచెంగా వెనక్కు జరుపుకుంటూ పోవడానికి కారణం ఇదే. ఈ సంగతి తెలిసినవారి చేతిలో 5 కిలోల మిషన్ చేసే పని, తెలియనివారి చేతిలో 16 కిలోల మిషన్ కూడా చేయలేదు.

మరో సంగతి కంటికి కనపడదు. ఉలి దెబ్బ ఒక సంపీడన తరంగంగా కాంక్రీటులో ప్రయాణిస్తుంది. అవతలి ముఖం చేరి గాలి తగలగానే తిరిగి వస్తుంది, వచ్చేటప్పుడు తన్యత తరంగంగా, అంటే లాగే తరంగంగా మారుతుంది. కాంక్రీటు తట్టుకోలేనిది సరిగ్గా అదే. మేడ మీద స్నానాల గదిలో టైల్సు కొడుతుంటే కింది గదిలో సీలింగ్ ప్లాస్టరు పెళ్లలుగా ఊడిపడడం చాలా ఇళ్లలో చూసేదే. పైన కొట్టే దెబ్బ తగ్గించకపోతే కింద ఎంత జాగ్రత్త పడినా అది ఆగదు. కాబట్టి పనిముట్టు ఎంచేటప్పుడు మొదట తేల్చుకోవలసింది పగలాల్సిన వస్తువు ఎంత గట్టిది అన్నది కాదు, దాని పక్కన, దాని కింద ఏది చెక్కుచెదరకుండా మిగలాలి అన్నది. మిగలాల్సింది తెలిశాక, దానికి హాని చేయని పనిముట్లలో అన్నిటికంటే శక్తిమంతమైనదాన్ని తీసుకోవచ్చు.

పొరలు చదవడం

సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్ ప్రాంతంలో, మంజీరా పరీవాహకంలో ఉన్న బోరంచ లాంటి ఊళ్లలో ఒక ఇంటి నేలను పై నుంచి కిందికి చదివితే ఈ ప్రాంతపు భూగర్భ చరిత్ర కూడా కొంత కనిపిస్తుంది. పైన టైలో బండో ఉంటుంది. బండ అయితే సాధారణంగా తాండూరు నుంచో, కర్ణాటకలోని షాబాద్ నుంచో వచ్చిన సున్నపురాయి. రెండు చోట్లా దొరికేది భీమా శిలాసముదాయానికి చెందిన రాయే. దాని కింద ఇసుక, సిమెంటు మాలు. పాత ఇళ్లలో సున్నపు మాలు. ఇంకా కింద బెడ్ కాంక్రీటు, ఆ కింద మొరం, అట్టడుగున నల్లరేగడి. దక్కన్ లావా పొరలు శిథిలమై ఏర్పడిన ఈ నేల వానాకాలంలో నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, ఎండాకాలంలో కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. ఆ ఉబ్బుడుకు గచ్చు మధ్యలో పైకి లేస్తుంది, గోడల పక్కన పగుళ్లు పడతాయి.

అందుకే ఇక్కడ ఎంత లోతు వరకు పగలగొట్టాలన్న నిర్ణయం పనిముట్టు కంటే ముందే జరగాలి. బండలు అరిగిపోయాయనో, పాతబడ్డాయనో మార్చడమైతే పై పొర, మాలు తీస్తే చాలు. బెడ్ కాంక్రీటును కాపాడుకోవాలి. రేగడి ఉబ్బి గచ్చు లేచిన చోట మాత్రం పై పొర మార్చి ప్రయోజనం లేదు. బెడ్ కాంక్రీటు తీసి, కింది నల్లమట్టిని కొంత లోతు తవ్వేసి, ఉబ్బని మొరం నింపి దిమ్మిస కొట్టాలి. మొదటి పనికి వెడల్పాటి ఉలి, చిన్న మిషన్; రెండో పనికి మొన ఉలి, పెద్ద బ్రేకర్. ఒకే గదిలో ఈ రెండు పనులూ పడవచ్చు, అప్పుడు రెండు పనిముట్లూ కావాలి.

గోడల సంగతీ చూడాలి. రాతిని మట్టితోనో సున్నంతోనో కట్టిన పాత గోడలకు సిమెంటు గోడల బిగువు ఉండదు. అలాంటి గోడ పక్కన 16 కిలోల బ్రేకర్ నడిపితే అదురుకు రాళ్ల మధ్య మట్టి జారి గోడ వదులవుతుంది. గోడ నుంచి రెండు మూడు అడుగుల మేర ఉలి, సుత్తెతోనో చిన్న మిషన్‌తోనో పని చేసుకుని, గది మధ్యలో మాత్రమే బ్రేకర్ వాడడం మంచిది.

చేతి పనిముట్లు

చేతి పనిముట్లను మిషన్లు వచ్చాక మూలన పడేయవలసిన వస్తువులుగా చూడడం పొరపాటు. కొన్ని పనుల్లో వాటిని మించినవి లేవు. లెక్క వేస్తే తెలుస్తుంది: 5 కిలోల సమ్మెట సెకనుకు 6 మీటర్ల వేగంతో పడితే ఆ దెబ్బలో 90 జౌళ్ల శక్తి ఉంటుంది. చేత్తో ఎత్తగలిగే ఎలక్ట్రిక్ బ్రేకర్లలో చాలావాటి ఒక్కో దెబ్బ దీనికి సగం కూడా ఉండదు. అయితే మనిషి నిమిషానికి ఇరవై దెబ్బలు వేయడమే ఎక్కువ, అంటే సగటున 30 వాట్లు. ఒక్కో దెబ్బకు 20 జౌళ్ల చొప్పున నిమిషానికి 1,500 దెబ్బలు వేసే మిషన్ 500 వాట్లు ఇస్తుంది. మిషన్ గెలిచేది దెబ్బ బలంతో కాదు, దెబ్బల సంఖ్యతో.

సమ్మెట ముఖం వెడల్పు. అది శక్తిని ఒక చోట గుచ్చకుండా మొత్తం వస్తువులోకి పంచుతుంది. అందుకే నాలుగున్నర అంగుళాల ఇటుక అడ్డగోడను పడగొట్టడానికి, అప్పటికే బీటలు వారిన గచ్చును విడగొట్టడానికి అది బాగుంటుంది. పక్కన దేన్నైనా కాపాడుకోవలసిన చోట సమ్మెట పనికిరాదు. ఉలి ఆ శక్తినంతా కొన్ని చదరపు మిల్లీమీటర్ల మీదికి తెస్తుంది. ఒకటి, ఒకటిన్నర కిలోల సుత్తెతో కొట్టినా మొన దగ్గర ఒత్తిడి కాంక్రీటు బలాన్ని దాటుతుంది.

గడ్డపార పని వేరు. అది కొట్టేది కాదు, ఎత్తేది. షాబాద్ బండల కింద సున్నపు మాలు ఉన్న పాత ఇళ్లలో ఒక బండ తీశాక, పక్క బండ కింద గడ్డపార మొన దూర్చి, కింద చిన్న రాయి ఆనించి నొక్కితే బండ చెక్కుచెదరకుండా లేస్తుంది. మీటరున్నర గడ్డపారను మొన నుంచి పది సెంటీమీటర్ల దగ్గర ఆనిస్తే నొక్కిన బలానికి 14 రెట్లు అవతల పనిచేస్తుంది. ఇలా తీసిన బండను పశువుల కొట్టంలోనో, బట్టలుతికే చోటనో మళ్లీ పరుచుకోవచ్చు. బ్రేకర్ పెడితే అదే బండ పది నిమిషాల్లో కంకర అయిపోతుంది.

గట్టిరాయిని చేత్తో చీల్చే విద్య తెలుగునాట తరతరాలుగా వడ్డెరల చేతిలో ఉంది. రాతి మీద వరసగా గుంతలు తొలిచి, ఒక్కోదాంట్లో ఇనుప చీల దిగేసి, వరుసలో అన్నిటినీ కొంచెం కొంచెంగా కొట్టుకుంటూ పోతారు. ఏ ఒక్క చీలా రాయిని పగలగొట్టదు. అన్నీ కలిసి గుంతల వరస పొడవునా లాగుడు పుట్టిస్తాయి, రాయి ఆ గీత వెంటే విచ్చుకుంటుంది. మందపాటి కాంక్రీటు దిమ్మెలకు ఇప్పటికీ ఇదే పద్ధతి మేలు. గుంతలను డ్రిల్లుతో వేయడం ఒక్కటే మారింది.

మిషన్ లోపల

మామూలు ఇంపాక్ట్ డ్రిల్లుకూ కాంక్రీటు హ్యామర్‌కూ తేడా తెలియక డబ్బు పోగొట్టుకునేవారు ఎక్కువ. ఇంపాక్ట్ డ్రిల్లులో రెండు పళ్ల చక్రాలు ఒకదాని మీద ఒకటి రాసుకుంటూ ఎగిరెగిరి పడతాయి. దెబ్బ బలహీనం, పైగా మనిషి ఎంత గట్టిగా నొక్కితే అంతే పనిచేస్తుంది. మేకు గుంతలకు అది చాలు, టైలు ఊడదీయడానికి చాలదు. హ్యామర్ మిషన్‌లో మోటారు ఒక పిస్టన్‌ను ముందుకూ వెనక్కూ నడుపుతుంది. పిస్టన్‌కూ దాని ముందున్న ఇనుప గుండుకూ మధ్య గాలి మాత్రమే ఉంటుంది. సైకిల్ పంపు మూతిని వేలితో మూసి నొక్కినప్పుడు గాలి ఎలా ఎదురు తంతుందో, అలా ఆ గాలి నొక్కుకుని గుండును విసురుతుంది. గుండు వెళ్లి ఉలి వెనుక తగులుతుంది. పిస్టన్ నేరుగా ఉలిని తాకదు కాబట్టి ఎదురుదెబ్బలో కొంత గాలి దగ్గరే ఆగిపోతుంది. ఇలాంటి మిషన్‌ను బలంగా నొక్కనక్కర లేదు, దాని బరువు ఆనితే సరిపోతుంది. ఎక్కువ నొక్కితే చేతులకు అదురు పెరుగుతుందే తప్ప పని పెరగదు.

జర్మనీకి చెందిన బాష్ 1932లో తన హ్యామర్ డ్రిల్లును తెచ్చింది. చిన్న దేశం లీష్టెన్‌స్టైన్‌లో 1941లో మొదలైన హిల్టీ 1967లో గాలి గదితో నడిచే టీఈ 17 మిషన్‌ను విడుదల చేసింది. మన దగ్గర ఏ కంపెనీ బ్రేకర్‌నైనా చాలామంది ‘హిల్టీ మిషన్’ అనే పిలవడం ఆ పేరు ఎంత పాతుకుపోయిందో చెబుతుంది. ఉలిని మెలితిప్పి బిగించే పాత పద్ధతి బదులు దూర్చగానే పట్టుకునే ఎస్‌డీఎస్ పద్ధతిని బాష్ 1970లలో తెచ్చింది. చిన్న మిషన్లకు 10 మిల్లీమీటర్ల ఎస్‌డీఎస్ ప్లస్, పెద్దవాటికి 18 మిల్లీమీటర్ల ఎస్‌డీఎస్ మ్యాక్స్ కాడ ఉంటుంది. ఇంకా పెద్ద బ్రేకర్లకు 28 లేదా 30 మిల్లీమీటర్ల ఆరు పలకల కాడ. ఒకదాని ఉలి మరొకదానికి ఎక్కదు. కిరాయికి తెచ్చే ముందు ఇది చూసుకోకపోతే ఊళ్లో పని ఆగి, ఉలి కోసం నారాయణఖేడ్‌కు మళ్లీ తిరగవలసి వస్తుంది.

మిషన్‌ను వాట్లు చూసి కొనడం అలవాటు. చూడవలసింది ఒక్కో దెబ్బకు ఎన్ని జౌళ్లు అన్నది. 2, 3 కిలోల మిషన్లు 2 నుంచి 3 జౌళ్ల దెబ్బ ఇస్తాయి: గోడ టైల్సుకు, ప్లాస్టరు రాల్చడానికి, వైరు పైపుల గాడికి సరిపోతాయి. 5, 6 కిలోలవి 7 నుంచి 10 జౌళ్లు: నేల టైల్సు, కింది మాలు తీయడానికి ఇదే సరైన తరగతి, గోడ మీద కూడా ఎత్తి పట్టుకోవచ్చు. 10, 11 కిలోలవి 17 నుంచి 25 జౌళ్లు: నాలుగు అంగుళాల బెడ్ కాంక్రీటు, మెట్లు, సన్‌షేడ్. 16 కిలోలవి 40 జౌళ్ల దగ్గర, 30 కిలోలవి 60 జౌళ్లు దాటి ఉంటాయి. వీటిని కిందికి మాత్రమే వాడాలి, అడ్డంగా ఎత్తి పట్టి నడిపేవి కావు. స్లాబు పైన నిలబడి 30 కిలోల బ్రేకర్‌తో టైల్సు తీస్తే ముందు చెప్పిన తిరుగు తరంగం కింది ప్లాస్టరునే కాదు, చువ్వల కింద ఉన్న కాంక్రీటు పొరను కూడా రాల్చగలదు.

ఊళ్లలో కరెంటు ఈ లెక్కలన్నిటినీ తారుమారు చేస్తుంది. 1,500 వాట్ల బ్రేకర్ 230 వోల్టుల దగ్గర ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. ఫ్యాన్లు, లైట్లకు పెట్టే 6 ఆంపియర్ల ప్లగ్గు దానికి చాలదు. 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గు కావాలి. 50 మీటర్ల ఎక్స్‌టెన్షన్ వైరు 0.75 చదరపు మిల్లీమీటర్ల సన్నదైతే దాంట్లోనే సుమారు 17 వోల్టులు పోతాయి, వైరు చుట్ట వేడెక్కుతుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరైతే 5 వోల్టులే పోతాయి. అసలే సాయంత్రం వోల్టేజీ పడిపోయే చోట సన్న వైరు కూడా తోడైతే దెబ్బ మెత్తబడుతుంది, మోటారు కాలుతుంది. తప్పు మిషన్ మీదికి పోతుంది.

ఉలి మొన, ఉలి వాలు

మిషన్ ఎంపికలో చూపే శ్రద్ధలో సగమైనా ఉలి ఎంపికలో చూపరు. మొన ఉలి శక్తిని ఒక బిందువు దగ్గరికి తెస్తుంది. గట్టి కాంక్రీటులో మొదటి గుంత తెరవడానికి అదే కావాలి. 25 మిల్లీమీటర్ల పట్టా ఉలి బీటను ఒక గీత వెంట నడిపిస్తుంది. అంచు సూటిగా రావాలంటే ఇది. 50 నుంచి 80 మిల్లీమీటర్ల వెడల్పు ఉలి కాంక్రీటును పగలగొట్టలేదు, దాని పని రెండు పొరలను విడదీయడం. టైల్సుకు దీన్నే వాడాలి.

టైలు ఊడదీయడంలో అసలు ప్రత్యర్థి టైలు కాదు, దాని వెనుక ఉన్న పట్టు. పోర్సలిన్ తరహా విట్రిఫైడ్ టైలు నీటిని అర శాతం కంటే తక్కువే పీలుస్తుంది. మామూలు సిమెంటు పాలు పోసి పరిచిన చోట సిమెంటు దాని వెన్నులోకి ఇంకదు, పట్టు బలహీనంగానే ఉంటుంది. ఉలి కిందికి దూరితే రెండడుగుల టైలు మొత్తం ఒకేసారి లేచిపోతుంది. స్నానాల గది గోడలకు వేసే సిరామిక్ టైలు దాని బరువులో పది శాతానికి పైగా నీరు పీల్చగలదు; సిమెంటు దాని రంధ్రాల్లోకి చొరబడి గట్టిపడుతుంది. పైకి మెత్తనిదైన ఈ టైలే ముక్కలుగా తప్ప రాదు. టైల్ గమ్ముతో అతికించినవి ఇంకా మొండివి, ఒక్కోసారి ప్లాస్టరునే పట్టుకుని ఊడతాయి. అలాంటి చోట టైలు ఒక్కదాన్నే తీయాలని పట్టుబట్టక ప్లాస్టరుతో సహా తీసేసి, తిరిగి ప్లాస్టరు చేసుకోవడం తక్కువ ఖర్చు.

పని మొదలుపెట్టే ముందు సుత్తె కాడతో టైల్సన్నిటినీ తట్టి చూడాలి. డొల్లగా మోగిన టైలు కింద ఖాళీ ఉంది; పని అక్కడ మొదలవ్వాలి. దాని చుట్టూ గ్రౌట్ గీతను కట్టర్‌తో కోసేస్తే పక్క టైలుకు దెబ్బ పాకదు. మధ్యలో చిన్న మొన ఉలితో పగలగొట్టి ముక్కలు ఏరేయగానే పక్క టైలు అంచు, దాని కింది మాలు కంటికి కనపడతాయి. ఇక వెడల్పు ఉలిని ఆ మాలుకూ టైలుకూ మధ్య గీతలో పెట్టి, నేలకు 20, 30 డిగ్రీల వాలులో పడుకోబెట్టి నడపాలి. వాలు పెంచి నిలువుగా పెట్టిన క్షణం నుంచి ఉలి విడదీయడం మాని గుంతలు చేయడం మొదలుపెడుతుంది. తర్వాత ఆ గుంతలు పూడ్చడానికి అదనంగా సిమెంటు పోయాలి. గోడ మీదైతే పై వరస నుంచి కిందికి రావాలి. కింది వరస ముందు తీస్తే పై టైల్సు ఆధారం పోయి ఒక్కుమ్మడిగా మీద పడతాయి. పగిలిన టైలు అంచు గాజు పెంకు లాంటిదే కాబట్టి కళ్లద్దాలు, మందపాటి చేతి తొడుగులు, బూట్లు లేకుండా ఈ పని చేయకూడదు.

కోసే పనిముట్లు

పగలగొట్టడం కంటే కోయడం నిదానం, ఖరీదు కూడా. అంచు మిగలాల్సిన ప్రతిచోటా అదే దారి. నాలుగు అంగుళాల మార్బుల్ కట్టర్ నిమిషానికి పదకొండు, పన్నెండు వేల చుట్లు తిరుగుతుంది. బ్లేడు అంచు వేగం సెకనుకు దాదాపు 60 మీటర్లు. కోసేది బ్లేడు అంచులో లోహంలో కూర్చిన వజ్రపు పలుకులు. పలుకులు అరిగినప్పుడు వాటిని పట్టుకున్న లోహం కూడా అరిగి, లోపలి కొత్త పలుకులు బయటపడాలి. ఇక్కడే కొత్తవారు తికమకపడతారు. గ్రానైటు, విట్రిఫైడ్ టైలు లాంటి గట్టివాటికి మెత్తని లోహపు బ్లేడు కావాలి. పచ్చి కాంక్రీటు, ఇటుక లాంటి గరుకువాటికి గట్టి లోహపు బ్లేడు కావాలి. గట్టి టైలు మీద కాంక్రీటు బ్లేడు పెడితే లోహం అరగక, పలుకులు నున్నబడి, కోత ఆగి అంచు ఎర్రబడుతుంది. అలాంటి బ్లేడును ఇసుక పాలు ఎక్కువున్న ఇటుకలో ఒకటి రెండు కోతలు కోస్తే లోహం అరిగి మళ్లీ పదునెక్కుతుంది. అంచు తునకలు కాకూడని టైలుకు గాట్లు లేని నిండు అంచు బ్లేడు, కాంక్రీటుకు గాట్ల బ్లేడు.

నాలుగు అంగుళాల బ్లేడు లోతు 30 మిల్లీమీటర్ల చిల్లరే. స్లాబులో సన్‌లైట్ కోసమో మెట్ల కోసమో నోరు తీయాలంటే పైనా కిందా అదే గీత మీద కోసుకుని, మధ్యది బ్రేకర్‌తో తీస్తారు. కోత బీటను అక్కడే ఆపుతుంది. డ్రైనేజీ పైపు పోవడానికి గుండ్రటి రంధ్రం కావలసి వస్తే ఉలి ముట్టుకోకుండా కోర్ కటింగ్ మిషన్ తెప్పించడమే మేలు. స్నానాల గది స్లాబులో ఉలితో తీసిన రంధ్రం చుట్టూ కంటికి ఆనని బీటలుంటాయి, నీళ్లు కారే దారులు అవే.

స్లాబులో కిందివైపు చువ్వలుంటాయి. ఐఎస్ 456 ప్రమాణం ప్రకారం మామూలు పరిస్థితుల్లో వాటి మీద కనీసం 20 మిల్లీమీటర్ల కాంక్రీటు కప్పు ఉండాలి. ఉలి చువ్వకు తగిలితే శబ్దం మారుతుంది, మిషన్ ఎగిరిపడుతుంది. చువ్వను వజ్రపు బ్లేడుతో కోస్తే పలుకులు ఊడిపోతాయి. ఇనుము కోసే పలచని డిస్కు వేరుగా పెట్టుకోవాలి. స్లాబును పొడిగించే ఉద్దేశం ఉంటే పాత చువ్వలను కోయకుండా కాంక్రీటు మాత్రమే విడదీసి, కొత్త చువ్వలను వాటి పక్కన కట్టాలి. పిల్లర్లు, బీములు ఏ పనిముట్టుతోనూ లొంగదీయవలసినవి కావు. ఇంజినీరు వచ్చి చూసి, బరువు మోసే ఆధారాలు పెట్టించిన తర్వాతే వాటి మీద చెయ్యి వేయాలి. కూల్చివేతల భద్రతకు ఐఎస్ 4130 అనే భారతీయ ప్రమాణమే ఉంది.

పెద్ద దిమ్మెలకు చప్పుడు లేని దారి కూడా ఒకటుంది. కాల్చిన సున్నం ప్రధానంగా ఉండే పొడిని నీళ్లతో కలిపి, 30, 40 మిల్లీమీటర్ల గుంతల వరసలో పోస్తే అది గట్టిపడుతూ ఉబ్బుతుంది. ఒత్తిడి 30 మెగాపాస్కల్స్ దాటుతుంది. కాంక్రీటు లాగుడు బలం దీనికి ఏ మూలకూ చాలదు. ఒక రోజు గడిచేసరికి దిమ్మె గుంతల వెంట విచ్చుకుంటుంది. వడ్డెరల చీలలు చేసే పనే ఇదీ. మట్టి గోడల పక్కన, పేలుడు మందు వాడరాని వీధుల్లో ఇది చాలా ఉపయోగపడుతుంది. పోసిన గుంత మీదికి వంగి చూడకూడదు, మండుటెండలో పొడి ఒక్కోసారి పైకి చిమ్మి కళ్లలో పడుతుంది.

దుమ్ము, అదురు

ఇసుకలో, గ్రానైటులో, టైలులో స్ఫటిక సిలికా ఉంటుంది. కోసినప్పుడు అది కంటికి కనపడనంత సన్నని పొడిగా మారి ఊపిరితిత్తుల అడుగు దాకా వెళ్లి అక్కడే ఉండిపోతుంది. ఏళ్ల తర్వాత సిలికోసిస్‌గా బయటపడుతుంది. దానికి మందు లేదు. అమెరికా 2016లో తెచ్చిన నిబంధన ఎనిమిది గంటల పనికి ఘనపు మీటరు గాలిలో 50 మైక్రోగ్రాములను పరిమితిగా పెట్టింది. మూసిన గదిలో కట్టర్‌తో పొడి కోత కోస్తే ఈ పరిమితిని దాటడానికి ఎంతోసేపు పట్టదు. ముక్కుకు చుట్టిన తువ్వాల పెద్ద దుమ్మును ఆపుతుంది, ప్రాణం తీసే సన్న దుమ్మును ఆపలేదు. ఎన్95 మాస్కు వాడాలి, కోత మీద నీటి ధార పడుతూ ఉండాలి, ఆ నీళ్లు కరెంటుకు తగలకుండా ప్లగ్గు దగ్గర, కరెంటు లీకైతే సరఫరా ఆపే ఆర్‌సీసీబీ ఉండాలి. ఉలి పని కట్టర్ కంటే తక్కువ దుమ్ము లేపుతుంది. పనిముట్టు ఎంపికలో దీన్నీ లెక్కలోకి తీసుకోవడం న్యాయం. కూలీ చేసే మనిషి ఊపిరి కంటే నున్నని అంచు ముఖ్యం కాదు.

అదురు హాని కూడా నెమ్మదిగానే బయటపడుతుంది. 1918లో ఆలిస్ హామిల్టన్ అనే వైద్యురాలు అమెరికాలోని ఇండియానా రాష్ట్రం బెడ్‌ఫర్డ్‌లో సున్నపురాయి చెక్కే కార్మికులను పరీక్షించారు. గాలితో నడిచే సుత్తెలు పట్టిన చేతుల్లో వేళ్లు చలికి తెల్లబడి, మొద్దుబారి పోవడం ఆమె నమోదు చేశారు. షాబాద్, తాండూరు బండల మీద పనిచేసే చేతులకూ ఇదే ముప్పు. ఐరోపా 2002లో చేసిన నియమం రోజంతటికీ సగటు అదురును సెకను వర్గానికి 5 మీటర్ల దగ్గర ఆపింది. అదురు తగ్గించే పిడి ఉన్న మిషన్ ఖరీదైనదే. అది దొరకని చోట మనుషులు వంతులు మార్చుకుంటూ, మధ్యలో విశ్రాంతి తీసుకుంటూ నడపాలి. మొద్దుబారిన ఉలి అదురును పెంచుతుంది కాబట్టి సాన పట్టించడం కూడా ఆరోగ్యానికి సంబంధించిన పనే.

పెద్ద కూల్చివేతల్లో

చేతి మిషన్ ముందు ఎదురయ్యే, పక్కన ఏది మిగలాలి అన్న ప్రశ్నే నగరంలో పెద్ద భవనం ముందూ ఎదురవుతుంది. హైదరాబాద్‌లో పాత సచివాలయం కూల్చివేత 2020 జూలైలో మొదలైంది. ఎత్తయిన భవనం శిథిలాలు పడి ఆవరణలోని నల్ల పోచమ్మ గుడి, మసీదు దెబ్బతిన్నాయి. అప్పటి ముఖ్యమంత్రి విచారం ప్రకటించి, వాటిని ప్రభుత్వ ఖర్చుతో తిరిగి కట్టిస్తామని చెప్పారు. ఎత్తు నుంచి జారే శిథిలాలు ఎటు పడతాయో అంచనా వేయడం యంత్రాన్ని ఎంచడంలో భాగమే. కాంక్రీటును దవడలతో కొరికి ముక్కలు చేసే పొడవు చేతి యంత్రం ముక్కను పట్టి దించగలదు. బ్రేకర్ తగిలించిన ఎక్స్‌కవేటర్ ముక్కను పడేయగలదు కానీ పట్టుకోలేదు. 2023 సెప్టెంబరులో మాదాపూర్ మైండ్‌స్పేస్‌లో రెండు భవనాలను పేలుడు మందుతో కొన్ని సెకన్లలో కూల్చారు. చుట్టూ ఖాళీ చేయించగలిగిన చోటే అది సాధ్యం.

కూల్చాక మిగిలే శిథిలాల విలువ కూడా పనిముట్టు చేతిలోనే ఉంది. ఐఎస్ 383 ప్రమాణం 2016 సవరణలో పాత కాంక్రీటు నుంచి చేసిన కంకరను చువ్వలు లేని కాంక్రీటులో 25 శాతం వరకు, చువ్వలున్న ఎం25 వరకు కాంక్రీటులో 20 శాతం వరకు వాడుకోనిచ్చింది. హైదరాబాద్‌లో జీడిమెట్ల, ఫతుల్లాగూడ కేంద్రాలు శిథిలాలను వేరుచేసి కంకరగా, ఇసుకగా మారుస్తున్నాయి. ఊళ్లో అంత యంత్రాంగం ఉండదు, విడదీసే పని అక్కడికక్కడే జరగాలి. వెడల్పు ఉలితో టైల్సు ముందే తీసేసి, ఆ తర్వాత బెడ్ కాంక్రీటు పగలగొట్టిన ఇంట్లో రెండు కుప్పలు వేరుగా తేలతాయి. సున్నం, టైలు కలవని కాంక్రీటు ముక్కలను కంకర సైజుకు కొట్టి కొత్త బెడ్ కింద పరవవచ్చు, చువ్వలు పాత ఇనుము కొట్టుకు పోతాయి, చెక్కుచెదరని బండలు మళ్లీ నేలకెక్కుతాయి. నున్నటి మెరుగు ముఖాలకు సిమెంటు పట్టదు కాబట్టి టైలు ముక్కలను మాత్రం స్లాబు కాంక్రీటులో కలపకూడదు. వాటిని గుంతలు పూడ్చడానికి వాడాలి.